కొత్త కార్లను రిపేరుకు లొంగకుండా కావాలనే చేస్తున్నారా?

అలిపిరి ట్యాక్సీ: నా కారుకు ఒక ఎల్ఈడీ హెడ్‌లైట్ వెలగడం లేదు. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే, లోపలి భాగం విడిగా రాదు, మొత్తం సెట్టు మార్చాల్సిందే అన్నారు. పాత బండైతే బల్బు కొని నేనే వేసుకునేవాణ్ణి. ఇది కంపెనీలు కావాలని చేస్తున్న పనే అని నా నమ్మకం. మీరేమంటారు?

చిత్తూరు వర్క్‌షాప్: కావాలని అనడం అన్యాయం అన్నా. లైటుకు సీల్ లేకపోతే వానకు నీళ్లు దిగుతాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 (బండ్ల పొగకు పరిమితి పెట్టే నిబంధనలు) తప్పనిసరి. ఇన్ని సెన్సర్లు లేకుండా ఆ పొగ పరిమితి అందదు. కార్బురేటర్ రోజుల్లో మాటిమాటికీ ట్యూనింగ్ చేయించేవాళ్లం, ఇప్పుడా బాధ ఉందా?

రేణిగుంట రోడ్డు షెడ్డు: ఇంజిన్లు బాగా మన్నుతున్నాయి, ఒప్పుకుంటా. పాడైన రోజు పరిస్థితి ఏంటన్నా? డీజిల్ కార్లలో ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) మారిస్తే, చాలా మోడళ్లకు దాని మీదున్న కోడ్‌ను ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో ఎక్కించాలి. మా స్కానర్ లోపం ఎక్కడుందో చూపిస్తుంది గానీ, కొన్ని బండ్లలో కోడ్ ఎక్కనివ్వదు. స్పేరు చేతిలో ఉండి, పని తెలిసి కూడా బండిని టోయింగ్ చేసి పంపాల్సి వస్తోంది. పొగ తగ్గించడానికీ, మాకు సాఫ్ట్‌వేర్ ఇవ్వకపోవడానికీ సంబంధం ఏమిటి?

2014లో సీసీఐ (కంపెనీల మధ్య పోటీ సరిగా ఉందో లేదో చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది ఇందుకే: విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ (లోపం కనిపెట్టే పరికరాలు) బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని. కంపెనీలు దాని మీద అప్పీలుకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ (రిపేరు చేసుకునే హక్కు) పోర్టల్, అంటే కంపెనీల రిపేరు సమాచారం ఒకచోట దొరికే వెబ్‌సైట్ తెచ్చింది, అందులో కార్లూ ఉన్నాయి. మంచిదే. కానీ పోర్టల్ చూసి ఇంజెక్టర్ కోడ్ ఎక్కించలేం కదా! అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2012లోనే జనం ఓటేసి మరీ ఈ హక్కు తెచ్చుకున్నారు. మనకూ అలాంటి చట్టమే కావాలి.

చిత్తూరు వర్క్‌షాప్: సాఫ్ట్‌వేర్ అందరి చేతికీ ఇస్తే దొంగలు తాళాలు కోడింగ్ చేసుకుంటారు. ఎయిర్‌బ్యాగ్‌ను తెలియనివాళ్లు ముట్టుకుంటే ప్రాణాలకే ముప్పు.

రేణిగుంట రోడ్డు షెడ్డు: ఆ రెండింటికీ శిక్షణ, లైసెన్సు పెట్టండి. పరీక్ష రాస్తాం, ఫీజూ కడతాం. ఇంజెక్టర్ కోడ్‌తో ఏ దొంగకు పని? ట్యాక్సీ అన్నా, సెట్టు అప్పుడే కొనొద్దు, బండి తీసుకురా. లైటు జిగురు వేడికి మెత్తబడే రకమైతే అద్దం విప్పి చూస్తా. లోపలి బోర్డు ఒక్కటే పోయుంటే దాంతోనే సరిపోతుంది.