6క ÷ 2క: జవాబు 3 ఆ, 3క² ఆ?

ఒక నాన్న:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సూక్ష్మీకరించమని ఇచ్చిన లెక్క 6క ÷ 2క. తను 3 అని రాసింది. ట్యూషన్‌లో అది కొట్టేసి పక్కన 3క² అని రాశారు. ఎందుకని అడిగితే "బోడ్మాస్ చూసుకో" అన్నారట, అంటే లెక్కలో ఏ గుర్తు ముందు చేయాలో చెప్పే నియమం. పిల్ల టెన్షన్ పడుతోంది. నాకైతే దిద్దడమే తప్పనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గణితప్రియ:
దిద్దినవారు నియమం ప్రకారమే వెళ్లారండి. బోడ్మాస్‌లో ముందుంది కదా అని భాగహారమే ముందు చేయాలనుకుంటారు చాలామంది. కాదు. గుణకారం, భాగహారం రెండిటికీ ఒకటే స్థాయి, ఎడమ నుంచి కుడికి ఏది ముందొస్తే అది చేయాలి. 6 × క ÷ 2 × క అని విడదీయండి. 6కను 2తో భాగిస్తే 3క, దాన్ని కతో గుణిస్తే 3క². అంకెలకో నియమం, అక్షరాలకో నియమం అంటే పిల్లలు దేన్ని నమ్మాలి?

సరళరేఖ:
ఆ విడదీయడంలోనే తేడా వచ్చిందండి. 2క అనేది ఒక ఏకపది, అంటే ఒకే పదం ఉన్న బీజగణిత రాశి. మధ్యలో గుర్తు లేకుండా కలిపి రాశామంటే అదంతా ఒకే రాశి అని. క = 5 పెట్టి చూడండి. 6క అంటే 30, 2క అంటే 10. 30ని 10తో భాగిస్తే 3. మీ పద్ధతిలో 75 వస్తుంది.

ఇంకోటి. మీ లెక్కన కఖ ÷ కఖ ఎంత? క × ఖ ÷ క × ఖ, అంటే ఖ². ఒక రాశిని దానితోనే భాగిస్తే 1 రావద్దా? ఏకపదుల భాగహారం పాఠం తీయండి. 12క³ ÷ 4క అంటే 3క² అనే చేయిస్తారు, 3క⁴ అని కాదు.

గణితప్రియ:
ఏకపదుల పాఠం నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. మరి 6 ÷ 2(1+2) సంగతి? అక్కడ అక్షరాలే లేవు. నా ఫోన్‌లో 9 వస్తోంది, తమ్ముడి సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో 1 వస్తోంది.

సరళరేఖ:
గుర్తు లేని గుణకారాన్ని కొన్ని కాలిక్యులేటర్లు ముందు చేస్తాయి, కొన్ని మామూలు గుణకారంలాగే చూస్తాయి. 2019లో 8 ÷ 2(2+2) మీద కూడా ఇలాగే 1 అని కొందరు, 16 అని కొందరు ఇంటర్నెట్‌లో తెగ వాదించుకున్నారు. అలాంటి చోట తప్పు రాసిన తీరుదే. రాశులు, గణిత గుర్తులు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 80000 కూడా ఒకే వరుసలో భాగహారపు ఏటవాలు గీత తర్వాత బ్రాకెట్ లేకుండా గుణకారం గుర్తో భాగహారం గుర్తో పెట్టొద్దంటుంది. పాపకు భిన్నంలా రాయడం అలవాటు చేయండి, అప్పుడు ఈ గొడవే రాదు.

ఒక నాన్న:
ఇప్పుడే రాయించాను. పైన 6క, కింద 2క. రెండు కలూ కొట్టేసి 3 అంది. "క సున్నా అయితే కుదరదు కదా నాన్నా" అని కూడా అడిగింది! రేపు నోటుబుక్ పట్టుకుని నేనే వెళ్లి మాట్లాడతాను.