భీమిలి రాళ్లలో దొరికిన శూకాల పురుగు: ప్రజాతి ఎలా తేల్చాలి?

సాగరిక:
భీమిలి దగ్గర పోటు తగ్గిన వేళ రాళ్ల మీది నాచులో దొరికాయి. వేలెడు పొడవు, ఆకుపచ్చలో గోధుమ ఛాయ. శరీరపు ప్రతి ఖండితానికీ (ఉంగరం లాంటి భాగానికీ) రెండు పక్కలా పార్శ్వపాదాలు, అంటే కాళ్లలాంటి కండ మడతలు, వాటిలోంచి శూకాల (గట్టి వెంట్రుకల) కుచ్చులు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ప్రజాతి (జీనస్) వరకైనా తేల్చాలి. కొన్నింటిని ఇంకా బతికించే ఉంచాను.

తీరం మాస్టారు:
బతికి ఉండటం మంచిదైంది. రంగును పట్టించుకోకండి, ఫార్మలిన్‌లో పడితే అది నిలవదు. తల చూడండి. నాలుగు కళ్లు, ముందు రెండు చిన్న స్పర్శశృంగాలు (మీసాల్లాంటివి), పక్కన లావుపాటి పాల్పులు (తడిమి చూసే అవయవాలు), వెనక నాలుగు జతల పొడవాటి పోగులు ఉంటే నీరీడిడే కుటుంబమే. ఇంటర్‌లో చదివిన నీరీస్ దీనిలోదే.

ప్రజాతి తేలాలంటే గ్రసని, అంటే నోటి లోపలి గొంతు భాగం, బయటికి రావాలి. పురుగును మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో మత్తులో ఉంచి, తల వెనక మెల్లగా నొక్కండి. గ్రసని తిరగబడి బయటికి వస్తుంది. కొసన దవడల జత, చుట్టూ చిన్న చిన్న నల్లటి పళ్లు కనిపిస్తాయి. అవి ఏ భాగంలో ఉన్నాయి, ఏ ఆకారంలో ఉన్నాయి అన్నదే అసలైన ఆధారం. నోటి వలయం (బయటికి వచ్చిన గ్రసనిలో నోటికి దగ్గరగా ఉండే భాగం) పైభాగాన అడ్డపట్టీల్లాంటి పళ్లుంటే పెరినీరీస్. దువ్వెన పళ్లలా సన్నని వరుసలుంటే ప్లాటీనీరీస్ వైపు చూడాలి.

హేచరీ మిత్రుడు:
మా హేచరీలో తల్లి రొయ్యలకు ఈ పురుగులే మేత. వచ్చిన సరుకులో రకాలు కలిసిపోయి ఉంటాయి. కోసుగా, ఉంగరాల గీతలతో ఉన్న తల, గ్రసనిపై నాలుగు దవడలు ఉంటే అది గ్లిసెరా అనే వేరే పురుగు, కరుస్తుంది, జాగ్రత్త. రొయ్యలకు జబ్బు చేసే తెల్లమచ్చ వైరస్‌ను ఈ మేత పురుగులు మోసుకురాగలవు కాబట్టి పరీక్ష చేయించకుండా మేం వాడం.

రాళ్లు తిప్పేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. తెల్లటి శూకాల గుత్తులున్న నిప్పు పురుగుల శూకాలు సున్నపు పదార్థంతో గట్టిపడి ఉంటాయి, తాకగానే విరిగి చర్మంలో దిగి మంట పుట్టిస్తాయి. అంటుకునే టేపుతో లాగితే చాలావరకు వచ్చేస్తాయి.

సాగరిక:
నాలుగు జతల పోగులున్నాయి. గ్రసని కూడా వచ్చింది. నోటి వలయం మీద ఒక్కో పక్క ఒక్కో అడ్డపట్టీ. పెరినీరీసే! మరి వర్గీకరణ అధ్యాయంలో ఎరాంషియా, సెడెంటేరియా అని రాయవచ్చా? పాత విభజన అంటున్నారు కదా.

వలయజీవి:
రాయవచ్చు, పాత అర్థంలో మాత్రం వద్దు. తిరిగేవి ఎరాంషియా, గొట్టాల్లో ఉండేవి సెడెంటేరియా అని చేసిన ఆ విభజనను 1997లో రౌజ్, ఫౌచాల్డ్ అనే శాస్త్రవేత్తలు స్వరూప లక్షణాల విశ్లేషణతో పక్కన పెట్టారు. 2011లో జన్యు సమాచారంతో చేసిన విశ్లేషణ ఆ పేర్లను మళ్లీ నిలబెట్టింది, సభ్యులు మాత్రం కొంత మారారు. వానపాములూ జలగలూ సెడెంటేరియాలోకి వచ్చాయి. అంటే శూకాల పురుగులకు పెట్టిన పాలీకీటా అనే తరగతి వానపాములు, జలగల నుంచి వేరుగా నిలబడదు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. మీ పెరినీరీస్ ఎరాంషియాలోనే ఉంది.

తీరం మాస్టారు:
జాతి పేరుకు తొందరపడవద్దు సాగరిక గారూ. ఒక్కో పట్టీ ఉంటే చాలామంది పెరినీరీస్ కల్ట్రిఫెరా అని రాసేస్తారు. 1840లో గ్రూబే అనే శాస్త్రవేత్త దానిని వర్ణించింది మధ్యధరా నమూనాల నుంచి. మన తీరపు పురుగుకు ఆ పేరు పెట్టే ముందు పళ్ల అమరికను, శూకాలను అసలు వర్ణనతో పోల్చాలి. ప్రస్తుతానికి పెరినీరీస్ అనే ఆపండి. ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది కాబట్టి, ఒక పురుగు తోక ముక్కను ముందే 95 శాతం ఇథనాల్‌లో వేసి, మిగతా శరీరాన్ని ఫార్మలిన్‌లో పెట్టండి. రెండు సీసాల మీదా ఒకే నంబరు, తేదీ, చోటు రాయండి.