నెట్ లేని ల్యాబ్‌లో లైనక్స్ సాఫ్ట్‌వేర్: డెబ్ ఫైళ్లు మోసుకెళ్లాలా, రిపాజిటరీయే పెట్టుకోవాలా?

ల్యాబ్‌మాస్టర్:
మా స్కూల్ ల్యాబ్‌లో సిస్టమ్‌లన్నీ ఉబుంటు 22.04. నెట్ లేదు, వచ్చే సూచనలూ లేవు. చిన్న పిల్లలకి జీకాంప్రి (చదువు ఆటలు), బొమ్మలు వేసేవాళ్లకి క్రీటా ఎక్కించాలి. ఇంట్లో డెబ్ ఫైళ్లు (ఉబుంటు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు) డౌన్‌లోడ్ చేసుకెళ్లి, డీపీకేజీ అనే కమాండ్‌తో ఎక్కిస్తే సరిపోతుందని నేను, రిపాజిటరీ (ఆ ప్యాకేజీలన్నీ ఉండే భాండాగారం) మొత్తం హార్డ్‌డిస్క్‌లో పెట్టుకోవాలని మా తోటి టీచరు. మీరేమంటారు?

గోదారిగీక్:
డెబ్ ఫైళ్లే చాలండీ. రెండు సాఫ్ట్‌వేర్‌ల కోసం వంద జీబీ పైచిలుకు మోసుకెళ్లడం ఏంటి? ఇంట్లో ఆప్ట్‌ని (నెట్ నుంచి ప్యాకేజీలు తెచ్చి ఎక్కించే టూల్) ‘డౌన్‌లోడ్ ఓన్లీ’ ఆప్షన్‌తో నడపండి. డిపెండెన్సీలతో (అవి నడవడానికి కావలసిన ఇతర ప్యాకేజీలతో) సహా అన్నీ ఆప్ట్ క్యాష్ ఫోల్డర్‌లో పడతాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లడమే.

టెర్మినల్‌తాత:
చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆప్ట్ లెక్క వేసేది మీ ల్యాప్‌టాప్‌ని చూసి, ల్యాబ్ సిస్టమ్‌ని చూసి కాదు. క్యూటీ లైబ్రరీలు (ఈ రెండు సాఫ్ట్‌వేర్‌లూ వాడే ఉమ్మడి కోడ్) మీ దగ్గర ముందే ఉంటే వాటిని మళ్లీ డౌన్‌లోడ్ చేయదు. తీరా ల్యాబ్‌కి వెళ్లాక ఫలానాది లేదంటూ డీపీకేజీ మొరాయిస్తుంది. ‘ఫిక్స్ బ్రోకెన్’ కొడదామంటే దానికీ నెట్టే కావాలి. ఇంట్లో 24.04 ఉంటే ఇంకో తలనొప్పి. అందులో జీలిబ్‌సీ (ప్రోగ్రాములకి ఆధారమైన లైబ్రరీ) 2.39, ల్యాబ్‌లో 2.35. కొత్తదాని కోసం కట్టినవి పాతదాని మీద ఎక్కకపోవచ్చు.

లెక్క ల్యాబ్ సిస్టమ్ దగ్గరే మొదలవ్వాలి. ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే టూల్ చేసేది అదే, చీటీ రాసుకుని సంతకెళ్లినట్టు. ల్యాబ్‌లో ‘సెట్’ ఇస్తే కావలసినవన్నీ ఒక చిన్న ఫైల్‌లో రాసిస్తుంది. నెట్ ఉన్నచోట ‘గెట్’ ఇస్తే వాటిని తెచ్చిపెడుతుంది. వెనక్కొచ్చి ‘ఇన్‌స్టాల్’.

గోదారిగీక్:
ఆ సిస్టమ్‌లో ప్యాకేజీల జాబితాయే లేకపోతే ముందు జాబితాకి ఒక ట్రిప్పు, తర్వాత ప్యాకేజీలకి ఇంకో ట్రిప్పు. ఇంతకీ ఆ టూల్‌ని ల్యాబ్‌లో ఎలా ఎక్కిస్తారు తాతగారూ? డెబ్ ఫైల్‌తోనేగా!

టెర్మినల్‌తాత:
డెబ్‌తోనే. దాని డిపెండెన్సీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. క్రీటావి లెక్కపెట్టి చూడండి ఒకసారి.

తాళంచెవి:
అసలు భయపడాల్సింది ఇంకొకటి ఉంది. ఉబుంటు డిజిటల్ సంతకం ఉండేది డెబ్ ఫైల్ మీద కాదు, రిపాజిటరీలోని రిలీజ్ ఫైల్ మీద. అందులో ప్యాకేజీల జాబితా హ్యాష్ (ఫైల్ మారితే తానూ మారిపోయే, వేలిముద్రలాంటి కోడ్) ఉంటుంది, ఆ జాబితాలో ఒక్కో డెబ్ హ్యాష్ ఉంటుంది. డెబ్‌ని నేరుగా డీపీకేజీ చేతికిస్తే ఇవేవీ చూడదు. నాలుగు జిరాక్స్ షాపులు తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌లోని ఫైల్‌ని రూట్ హక్కులతో (సిస్టమ్ మీద పూర్తి అధికారంతో) నడపడం నా వల్ల కాదు. నా ఓటు రిపాజిటరీకే. రిపాజిటరీ అడ్రస్ ఉండే సోర్స్ లైన్‌లో ‘ట్రస్టెడ్ ఎస్’ అని రాసి ఆ తనిఖీని కూడా ఆపేసేవాళ్లకి ఒక దణ్ణం.

ఒక హెచ్చరిక. ల్యాబ్ సిస్టమ్‌లలో సీమాస్ బ్యాటరీ (సిస్టమ్ గడియారాన్ని నడిపేది) అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటుంది. అప్పుడు రిలీజ్ ఫైల్ ‘ఇంకా చెల్లదు’ అని ఆప్ట్ ఎర్రర్ ఇస్తుంది. ముందు తేదీ సరిచేయండి.

సింగిల్‌ఫైల్:
క్రీటాకి ఇంత రభస ఎందుకు? వాళ్ల సైట్‌లోనే ఆప్‌ఇమేజ్ ఉంది. ఒక్క ఫైల్, డబుల్ క్లిక్, అంతే.

ల్యాబ్‌మాస్టర్:
చూశానండీ. డబుల్ క్లిక్ చేస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు.

సింగిల్‌ఫైల్:
22.04లో లిబ్‌ఫ్యూజ్2 (ఆప్‌ఇమేజ్ తెరుచుకోవడానికి కావలసిన లైబ్రరీ) ముందుగా ఉండదు, అందుకే. టెర్మినల్‌లో ఆ ఫైల్‌కి ‘ఆప్‌ఇమేజ్-ఎక్స్‌ట్రాక్ట్’ అని ఇవ్వండి. ఫోల్డర్‌గా విప్పుకుంటుంది. లోపల ఆప్‌రన్ అనే ఫైల్‌ని నడపండి, ఫ్యూజ్ అక్కర్లేదు.

తాళంచెవి:
క్రీటాకి సరే. రేపు ఇంకోటి, ఎల్లుండి మరోటి అడుగుతారు. సిస్టమ్‌లు ఎన్ని ఉంటే అన్నిసార్లు ఈ పనేనా? ల్యాబ్‌లో సిస్టమ్‌లని కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఉంది కదా, ఒకదాన్ని సర్వర్ చేసి మిగతావాటికి దాని అడ్రస్ ఇవ్వండి.

ల్యాబ్‌మాస్టర్:
సర్వర్‌కి పాత సిస్టమ్ ఒకటి ఖాళీగా ఉంది. హార్డ్‌డిస్క్ 160 జీబీ. సరిపోతుందా?

తాళంచెవి:
అప్‌డేట్‌లతో కలిపి మొత్తం అంటే ఇరుకే. ఆప్ట్‌లీ (సొంత రిపాజిటరీ తయారుచేసే టూల్) వాడండి. ఫిల్టర్‌లో జీకాంప్రి, క్రీటా పేర్లిచ్చి ‘విత్ డెప్స్’ పెడితే వాటి డిపెండెన్సీల వరకే మిర్రర్ (నకలు) చేస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఏముందో పట్టించుకోదు కాబట్టి తాతగారు చెప్పిన చిక్కూ రాదు. పబ్లిష్ చేసేటప్పుడు మీ సొంత జీపీజీ కీతో (డిజిటల్ సంతకానికి వాడేది) సంతకం చేసి, దాన్ని సరిచూసే పబ్లిక్ కీని ఒక్కో సిస్టమ్‌లో ఒకసారి వేస్తే చాలు.

గోదారిగీక్:
రెండు సాఫ్ట్‌వేర్‌లకి సర్వరు, సొంత కీ! మాస్టారూ, ముందు ఒక్క సిస్టమ్‌లో డెబ్‌లతో ట్రై చేసి చెప్పండి.

టెర్మినల్‌తాత:
అలాగే చేయండి. కాకపోతే ఫైళ్ల జాబితా మాత్రం ల్యాబ్‌లోనే తయారుచేయండి.