కళ్ళజోడు ఉన్నవాళ్ళకి మాడ్యులర్ హెల్మెట్ పనికొస్తుందా? వాడినవాళ్ళు చెప్పండి

కళ్ళజోడు_రైడర్
అందరికీ నమస్తే. ఆరేళ్ళుగా ఫుల్ ఫేసే వాడుతున్నా. నాకు పవర్ ఎక్కువ, కళ్ళజోడు లేకుండా బండి నడపలేను. ఎక్కడ ఆగినా కళ్ళజోడు తీయాలి, హెల్మెట్ తీయాలి, మళ్ళీ పెట్టుకునేటప్పుడు కాడలు చెంప ప్యాడ్ల సందులోంచి తోయాలి, ఇప్పటికి రెండు ఫ్రేములు వంగిపోయాయి. గడ్డం భాగం పైకి లేచే మాడ్యులర్ తీసుకుందామని చూస్తున్నా. కానీ ఒక్క భయం పట్టుకుంది, కింద పడినప్పుడు ఆ గడ్డం భాగం తెరుచుకుంటే మొహం సంగతేంటి? షాపులో అడిగితే ఏం కాదు సార్ అంటారు అంతే. బరువు, సౌండ్ గురించి కూడా చెప్పండి.

దూరాల_బాట
బ్రో నేనూ కళ్ళజోడే, నాలుగేళ్ళుగా మాడ్యులరే వాడుతున్నా, ఇంక ఫుల్ ఫేస్‌కి వెళ్ళను. గడ్డం పైకి లేపి హెల్మెట్ పెట్టుకుంటా, కళ్ళజోడు మామూలుగా పెట్టుకుంటా, గడ్డం దించుతా, అంతే పని. నీళ్ళు తాగాలన్నా దారి అడగాలన్నా హెల్మెట్ తీయక్కర్లేదు.

ఇక నువ్వు భయపడే విషయానికొస్తే, నాకు ఒకసారి జరిగింది చెప్తా విను. ఒక చేత్తో గబగబా గడ్డం దించి బయల్దేరా, టక్‌మని సౌండ్ వచ్చింది కాబట్టి పడిందనే అనుకున్నా. కాసేపటికి స్పీడ్ పెరిగాక ఎడమ పక్కనుంచి గాలి ఈల వేస్తోంది. పక్కకి ఆపి చూస్తే కుడి లాక్ ఒక్కటే పడింది, ఎడమది పడలేదు!! ఆ రోజు నుంచి మధ్యలో పట్టుకుని దించుతా, రెండు పక్కలా టక్ అందో లేదో వింటా, తర్వాత గడ్డం కింద చెయ్యి పెట్టి ఒకసారి పైకి తోసి చూస్తా. రెండు సెకన్ల పని. లాక్ పిన్ను స్టీల్‌దా ప్లాస్టిక్‌దా అన్నది కొనేముందే చూసుకో, నేనైతే స్టీల్ లేకుండా కొనను.

లేబుల్_చూడండి
ఇద్దరూ ముఖ్యమైనది వదిలేశారు. స్ట్రాప్‌కి కుట్టిన ఈసీఈ (యూరప్ హెల్మెట్ భద్రతా ప్రమాణం) లేబుల్ చదవండి. గుండ్రంలో E, పక్కన దేశం నంబర్ ఉంటుంది, దాని కింద ఉండే అప్రూవల్ నంబర్ 06తో మొదలైతే 22.06 ప్రమాణం, 05 అయితే పాతది. ఆ నంబర్ తర్వాత గీత పెట్టి ఒక అక్షరం ఉంటుంది, అసలు కథ అక్కడే ఉంది. పీ అంటే గడ్డం భాగాన్ని కూడా దెబ్బకి టెస్ట్ చేశారు. జే అంటే ఓపెన్ ఫేస్, అంటే గడ్డం కప్పనిది. ఎన్‌పీ అంటే గడ్డం దగ్గర ముక్క ఉన్నా అది రక్షణ కింద లెక్క కాదు, చూడ్డానికి మాత్రం అచ్చం మిగతావాటిలాగే ఉంటుంది, అది చూసి మోసపోవద్దు. పీ/జే అని రెండూ ఉంటే మూసినప్పుడు ఫుల్ ఫేస్‌గా, తెరిచినప్పుడు ఓపెన్ ఫేస్‌గా రెండు రకాలుగానూ పాసయింది అని.

పీ మాత్రమే ఉన్న హెల్మెట్‌ని గడ్డం లేపి నడపకూడదు, ఆగినప్పుడు లేపుకోవడానికే. పీ/జే వాటిలో చాలావరకు గడ్డం పైనే ఆగిపోయేలా చిన్న లాక్ మీట ఉంటుంది. 22.06లో హెల్మెట్‌ని వాలుగా ఉన్న తలం మీద పడేసి తల ఎంత గిర్రున తిరుగుతుందో కూడా కొలుస్తారు, పాతదాంట్లో ఆ టెస్ట్ లేదు, అందుకే కొత్తగా కొనేవాళ్ళు 06 చూసి కొనండి.

ఇదేదో నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ అనుకుంటారు గానీ 1981లోనే బీఎండబ్ల్యూ సిస్టమ్ హెల్మెట్ ఇలా గడ్డం లేచేలా వచ్చింది.

మెడ_నొప్పి
నేను ఏడాది వాడి మళ్ళీ ఫుల్ ఫేస్‌కి వచ్చేశా, నా మాట కూడా వినండి. గడ్డం లేవాలంటే కీలు, లాక్, మీట అన్నీ కావాలి కదా, బరువు ఎక్కడికి పోతుంది. నాది 1800 గ్రాములు దాటింది, ఫుల్ ఫేస్ 1450. చేత్తో పట్టుకుంటే పెద్ద తేడా తెలీదు, కానీ మూడు గంటలు ముందుకు వంగి నడిపాక మెడ వెనక అంతా తెలుస్తుంది. నిటారుగా కూర్చునే బండి అయితే ఇంత ఇబ్బంది ఉండకపోవచ్చు. సౌండ్ కూడా అంతే, గడ్డం కలిసే చోట రబ్బరు ఎంత బాగున్నా గాలి ఎక్కడో ఒకచోట దూరుతుంది. ఏ హెల్మెట్ అయినా హైవే స్పీడ్‌లో చెవులకి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి దయచేసి, పోయిన వినికిడి తిరిగి రాదు. ఇంకోటి, గడ్డం పైకి లేపి స్పీడ్‌గా వెళ్తే గాలి దాన్ని పట్టుకుని తల వెనక్కి లాగేస్తుంది, పీ/జే అయినా సరే.

ఎమర్జెన్సీ_నర్స్
నేను ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తా, బండి కూడా నడుపుతా. యాక్సిడెంట్ అయినవాళ్ళ తల నుంచి హెల్మెట్ లాగకండి అని అందరికీ చెప్తూనే ఉంటాం, ఎందుకంటే మెడ ఎముక విరిగి ఉంటే ఆ లాగడంతో వెన్నుపాము దెబ్బతినొచ్చు. కానీ ఊపిరి ఆడకపోతే మొహం దగ్గరికి వెళ్ళాలి కదా, అక్కడ మాడ్యులర్ మాకు చాలా సాయం. ఒకళ్ళు తల మెడ కదలకుండా పట్టుకుంటే ఇంకొకళ్ళు గడ్డం లేపి నోరు ముక్కు చూడొచ్చు. దెబ్బకి లాక్ బిగుసుకుపోయి లేవకపోవచ్చు కూడా, అప్పుడు బలంగా లాగొద్దు. మీతో వచ్చే ఫ్రెండ్స్‌కి మీ హెల్మెట్ మీట ఎక్కడుందో ఒకసారి చూపించి పెట్టండి, ప్లీజ్.

కళ్ళజోడు_రైడర్
అక్కా, ఆ చివరి మాట నాకు అస్సలు తట్టలేదు, థాంక్స్. ఈరోజు షాపుకెళ్ళి మూడు చూశా. ఒకదానికి లేబుల్ మీద ఎన్‌పీ ఉంది, వెంటనే పక్కన పెట్టేశా. రెండోది పీ/జే, 06, స్టీల్ పిన్ను, కానీ కణతల దగ్గర కళ్ళజోడు కాడలు నొక్కుతున్నాయి.. మూడోది కూడా పీ/జేనే, ప్యాడ్లలో కాడలకి గాడి ఉంది, పెట్టుకుని ఇరవై నిమిషాలు అక్కడే తిరిగా, నొప్పి రాలేదు. గ్లోవ్స్ వేసుకుని పదిసార్లు తెరిచి మూశా, అందులో ఒకసారి నిజంగానే ఒక పక్కే పడింది. @దూరాల_బాట అన్నా, లోపలి ప్యాడ్లు ఉతికాక మళ్ళీ అంతే బిగుతుగా ఉంటాయా, లేక వదులవుతాయా?

దూరాల_బాట
ఉతకడం వల్ల కాదు గానీ వాడే కొద్దీ చెంప ప్యాడ్లు కొంచెం అణుగుతాయి, కొత్తలో చెంపలు కాస్త నొక్కినట్టుంటేనే సరైన సైజు. కణతల దగ్గర నొప్పి మాత్రం వాడితే పోతుందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. మూడోదే తీసుకో. ఉతికాక నీడలోనే ఆరబెట్టు.