పోయిన పురుగు మందుకు నేను బాధ్యుడినా?

టంగుటూరు కొట్టు:
పద్దెనిమిదేళ్లుగా పురుగు మందుల కొట్టు నడుపుతున్నాను. మొన్న రాత్రి దొంగలు వెనక కిటికీ ఊచలు వంచి లోపలికి దిగారు. గల్లాపెట్టెను ముట్టుకోలేదు. శనగ పురుగుకు కొట్టే ఖరీదైన చిన్న సీసాలు ఏరుకుని, వెళుతూ వెళుతూ అతి విషమని తెలిపే ఎర్ర త్రికోణం గుర్తున్న ఆరు డబ్బాలు పట్టుకుపోయారు. అవి ఆర్గానోఫాస్ఫేట్ మందులు, అంటే నరాలను దెబ్బతీసే రకం. డబ్బు సంగతి అలా ఉంచండి, నాకు నిద్ర పట్టనివ్వనివి ఆ ఆరు డబ్బాలే. క్వార్టరు సీసాల్లో పోసి ఎక్కడైనా అమ్మితే, ఎవరైనా తెలియక తాగితే? బ్యాచ్ నంబర్లు వెతుక్కుంటూ నా దగ్గరికే వస్తారు కదా!

అమెరికాలో ఎరువుగా వాడే నిర్జల అమోనియాను మత్తుమందు తయారీకి దొంగిలిస్తారట. ట్యాంకు తెరవబోయి గాయపడిన దొంగ యజమాని మీద దావా వేయడానికి అక్కడి మిన్నెసోటా రాష్ట్ర చట్టం ఒప్పుకోదని మా బావమరిది అంటున్నాడు. మనకు అలాంటి రక్షణ ఉందా? ఒక మాట దాచను, ఆ డబ్బాలు పెట్టిన బీరువా తాళం చెడిపోయి నెల దాటింది.

ఒంగోలు వకీలు:
ఆ చివరి వాక్యం మీరు మొదట రాయవలసింది. మిన్నెసోటా చట్టం దొంగ వేసే దావాకు అడ్డుకట్ట. మీ భయం దొంగ గురించి కాదు, అతని దగ్గర కొన్నవాడి గురించి. 1968 పురుగు మందుల చట్టం 30వ సెక్షన్ డీలరును కొంత కాపాడుతుంది గానీ అది సరుకులో లోపం ఉన్న కేసుల్లో. అక్కడ కూడా సరిగా నిల్వ చేశానని మీరే రుజువు చేసుకోవాలి. 1971 నిబంధనలేమో మందులను వేరే గదిలోనో, తాళం వేసిన విడి బీరువాలోనో ఉంచమంటాయి. విషపదార్థాల విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 286 కింద ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దొంగతనం జరిగినంత మాత్రాన ఆ నేరం మీ మీద పడదు. తాళం గురించి మాత్రం తప్పక అడుగుతారు. ఇప్పుడు కొత్త తాళం వేసి అది పాతదేనని చెప్పే తెలివి చూపకండి.

కావలి రొయ్యల ప్లాంటు:
మా శీతలీకరణ అంతా అమోనియాతోనే. ఢిల్లీలో ఫ్యాక్టరీ నుంచి ఓలియం అనే ఆమ్ల వాయువు లీకైన కేసులో 1986లో సుప్రీంకోర్టు, నష్టానికి సంస్థే బాధ్యత వహించాలని, బయటివాడి పని అన్న మినహాయింపు కూడా ఉండదని చెప్పింది కదా?

ఒంగోలు వకీలు:
అది ప్రమాదకర పరిశ్రమలు నడిపే సంస్థల గురించి. చిల్లర కొట్టుకు అంత సూటిగా అతకదు.

విశ్రాంత వ్యవసాయాధికారి:
పోయిన సరుకును అమ్మినట్టు రాసి లెక్క సరిచేయకండి, బాబూ. బ్యాచ్ నంబర్లతో పోలీసులకు, మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. మందు పేర్లు ప్రభుత్వాసుపత్రికి కూడా ఇవ్వండి. ఏం తాగారో తెలిస్తే విరుగుడుగా ఇచ్చే ఎట్రోపిన్ విషయంలో డాక్టరు తడుముకోనక్కర్లేదు.

టంగుటూరు కొట్టు:
అన్నీ ఇచ్చి వచ్చాను. ఫిర్యాదులో తాళం సంగతి కూడా రాశాను. ఎస్సై గారు ఆ వాక్యం రెండుసార్లు చదివి నా ముఖం వైపు చూశారు. ఆసుపత్రిలో నర్సమ్మ జాబితాను మందుల గది గోడకు అంటించింది. సాయంత్రం కాలువ గట్టున ఒక డబ్బా దొరికింది, సీలు అలాగే ఉంది. ఇంకా ఐదు దొరకాలి.