పెట్రోల్ ధరను మార్కెట్‌కు వదిలేశారా, లేదా?

మల్కాజిగిరి వాసి:
పెట్రోల్ ధరపై నియంత్రణను 2010 జూన్‌లో, డీజిల్‌పై 2014 అక్టోబరులో ఎత్తేశారు. 2017 జూన్ 16 నుంచి ధర రోజూ మారుతుందని చెప్పారు. మరి 2022 మే నుంచి 2024 మార్చి దాకా హైదరాబాద్‌లో లీటరు పెట్రోల్ 109 రూపాయల 66 పైసల దగ్గరే ఎందుకు ఆగిపోయింది? ఆ మధ్యలో ముడిచమురు పీపా 120 డాలర్ల దాకా ఎక్కి, 75 డాలర్లకు దిగింది. అంతకు ముందు కూడా ఇదే కథ. 2021 నవంబరు నుంచి కదలని ధర, ఉత్తరప్రదేశ్ ఎన్నికలు ముగిశాక 2022 మార్చి 22న కదిలింది. పదహారు రోజుల్లో పది రూపాయలకు పైగా పెరిగింది. నియంత్రణ ఎక్కడికీ పోలేదు. దానికి బాధ్యత వహించేవారే లేకుండా పోయారు.

ఆటోనగర్ లారీ యజమాని:
డీజిల్ ధర కూడా అలాగే కదలకపోవడం వల్లే 2022లో మా లారీలు తిరిగాయి. అప్పుడు ప్రైవేటు బంకుల్లో డీజిల్ ధర ఎక్కువ, కొన్నిచోట్ల అమ్మకాలే తగ్గించేశారు. చివరికి జూన్‌లో కేంద్రం కలగజేసుకుని, లైసెన్సు ఉన్న ప్రతి బంకూ సరఫరా చేసి తీరాలని ఆదేశించింది. మార్కెట్‌కు వదిలేయమనేవారు ఒక్కసారి మా లెక్క చూడండి. కిరాయి ఒప్పుకున్న రోజు ఒక ధర, సరుకు దించే రోజు మరో ధర అయితే తేడా భరించేది నేనే. 2022 ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో ప్రభుత్వ చమురు కంపెనీ హెచ్‌పీసీఎల్‌కు పదివేల కోట్లకు పైగా నష్టం వచ్చింది. ఆ భారం మా మీద పడలేదు.

మల్కాజిగిరి వాసి:
పడింది అన్నా, ఏడాది ఆలస్యంగా. 2023-24లో మూడు ప్రభుత్వ చమురు కంపెనీల (ఐఓసీ, బీపీసీఎల్, హెచ్‌పీసీఎల్) లాభం కలిపి దాదాపు 81 వేల కోట్లు. ఎన్నికల ముందు, 2024 మార్చి 15న తగ్గించింది రెండు రూపాయలు. కష్టకాలంలో కంపెనీలు నష్టం భరించాయి, మంచిదే. తర్వాత ఎంత రాబట్టుకున్నాయో, ఎప్పటికి ఆపాలో ఎవరు నిర్ణయించారు? ఆ లెక్క మీకు గానీ నాకు గానీ ఎవరైనా చూపించారా?

బంకులో పనిచేసిన మనిషి:
చాలామంది కోపం బంకు డీలరు మీద చూపిస్తారు, అది అన్యాయం. ధర ఉదయం ఆరు గంటలకు కంపెనీ నుంచి వస్తుంది, డీలరుకు దక్కేది కమీషన్ మాత్రమే. కొలతలో అనుమానం ఉంటే ఐదు లీటర్ల పాత్రలో పోయించి చూసుకోండి, అది మీ హక్కు. తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదూ చేయవచ్చు. ధర విషయంలో మాత్రం అలా అడిగే చోటు లేదు. దేశంలోని బంకుల్లో దాదాపు 90 శాతం మూడు కంపెనీలవే, మూడింటి వెనకా ఉన్నది కేంద్రమే. ఒకే ఇంటి అన్నదమ్ముల మధ్య పోటీ ఎక్కడ ఉంటుంది?

ఉప్పల్ ఉపాధ్యాయుడు:
పన్ను మాట కూడా తీయండి. 2020లో ముడిచమురు పడిపోయినప్పుడు కేంద్రం రెండు విడతల్లో ఎక్సైజ్ సుంకాన్ని పెట్రోల్‌పై 13, డీజిల్‌పై 16 రూపాయలు పెంచింది. ఇక్కడ రాష్ట్ర వ్యాట్ పెట్రోల్‌పై 35.2 శాతం. శాతం లెక్క కాబట్టి ధర పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది.

మల్కాజిగిరి వాసి:
ఒప్పుకుంటాను. అయితే పన్ను ఎంతో అందరికీ తెలుసు, కంపెనీల లాభం ఎంతన్నదే రోజువారీ ధరలో కనిపించదు. ధర ప్రభుత్వమే నిర్ణయించాలని నేను అనడం లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2001 నుంచి చాలా ప్రాంతాల్లోని బంకులు రేపటి ధరను ఈరోజే ప్రభుత్వానికి తెలపాలి, 24 గంటలు దాన్ని మార్చకూడదు. జర్మనీలో 2013 నుంచి బంకులు ప్రతి ధర మార్పునూ పోటీ పర్యవేక్షణ సంస్థకు వెంటనే చెబుతున్నాయి. మనకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి చట్టం 2006లోనే వచ్చింది. ధరలను గమనించి, పోటీని అడ్డుకునే పద్ధతులను సరిదిద్దే అధికారం అందులో రాసే ఉంది. ఆ మండలి నెలకొకసారి కంపెనీల కొనుగోలు ఖర్చు, మార్జిన్, పన్ను విడివిడిగా ప్రకటించాలి.

ఆటోనగర్ లారీ యజమాని:
అలా ప్రకటిస్తే నాకూ సమ్మతమే. కానీ డీజిల్ ఒక వారంలో ఎంత పెరగవచ్చో దానికి హద్దు ఉండాలి. అది లేకుండా లెక్కలు చూపిస్తే నేను కిరాయి ఎలా ఒప్పుకోవాలో చెప్పండి.