కొర్రమీనుకి బ్రెయిడ్ దారమా, నైలానా? గాలి పడవ కొనొచ్చా?

కొత్తగాలం:
అందరికీ నమస్తే. మాది హనుమకొండ. రెండేళ్లుగా కట్ట మీద కూర్చుని తవుడు ముద్దతో బొచ్చె, రవ్వు, అప్పుడప్పుడు బంగారు తీగ పడుతున్నాను. ఈసారి కొర్రమీను పట్టాలని ఉంది. మా దగ్గరి చెరువులో అవి తామరాకుల మధ్యే తిరుగుతాయి, గట్టు నుంచి అందవు. ఎరగా రబ్బరు కప్ప వేయడానికి రీలుకి బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన దారం) చుట్టాలా, మామూలు ఒంటిపోగు నైలాన్ చాలా? ఇద్దరు కూర్చునే గాలి పడవ పనికొస్తుందా? మృగశిర కార్తె లోపు కొనాలనుకుంటున్నాను.

సాగర్‌తీరం:
బ్రెయిడ్. రెండో మాట లేదు. నైలాన్ సాగుతుంది. ఇరవై మీటర్ల అవతల కొర్రమీను కప్పని మింగినప్పుడు నువ్వు ఎంత గట్టిగా లాగినా సగం బలం దారం సాగడానికే పోతుంది, దాని గట్టి దవడలో గాలపు ముల్లు దిగదు. ఈలోపు అది తామర కాడల్లోకి దూరిపోతుంది. బ్రెయిడ్ అయితే కాడల్ని కోసుకుంటూ వస్తుంది. దారం బలం 40 పౌండ్లకు తగ్గొద్దు. నీళ్లు పగిలిన చప్పుడు వినగానే లాగకు, మనసులో ఒకటి, రెండు అనుకుని లాగు.

ముడి దగ్గర జాగ్రత్త. మామూలు ముడి బ్రెయిడ్‌లో జారిపోతుంది. దారాన్ని రెండు పేటలు చేసి కప్ప ముందున్న ముల్లు కన్నంలోంచి దూర్చు, వదులుగా ఒక ముడి వెయ్యి, మిగిలిన ఉచ్చులోంచి కప్పని దాటించు, నోటితో తడిపి బిగించు.

మత్తడికాడ:
బ్రెయిడ్ వద్దు తమ్ముడూ. 0.45 మిల్లీమీటర్ల నైలాన్ చాలు. రాయికి రాసుకుంటే బ్రెయిడ్ పుటుక్కున తెగుతుంది.

సాగర్‌తీరం:
చెరువులో రాళ్లెక్కడివి అన్నా? ఆయన అడిగింది తామరాకుల గురించి.

మత్తడికాడ:
మత్తడి కింద ఏముంటాయి? తూము దగ్గర? కట్ట లోపలి వైపు పరిచినవి రాళ్లు కావా?

సాగర్‌తీరం:
కొర్రమీను తూము దగ్గర ఉండదు. ఉన్నా, దారం చివర రెండడుగుల పొడవున మందపాటి నైలాన్ ముక్క కట్టుకుంటే రాయి సంగతి అది చూసుకుంటుంది. ఆరేళ్లుగా కృష్ణ బ్యాక్‌వాటర్‌లో బ్రెయిడ్‌తోనే పడుతున్నాను, అక్కడంతా రాళ్లే.

ఎర్రవానపాము:
పడవ దండగ. లారీ ట్యూబు మీద థర్మాకోల్ పలక కట్టుకో, అయిపోతుంది.

గౌతమి_ఒడ్డు:
దయచేసి ఆ సలహా ఇవ్వకండి. మా మేనమామ అలాగే ట్యూబు మీద వెళ్లారు. చేప లాగుతూ ఒక పక్కకి ఒరిగారు, ట్యూబు తిరగబడింది, కాళ్లు దాని కంతలో ఇరుక్కున్నాయి. ఈత వచ్చిన మనిషి. గొర్రెలు కాసే అబ్బాయి చూడబట్టి బతికారు.

గాలి పడవ గురించి చెబుతాను. కొంటే గాలి అరలు రెండు మూడు విడివిడిగా ఉన్నదే కొనండి, ఒకటి పగిలినా రెండోది తేలుస్తుంది. చెరువు నిండితే శిఖంలోని (నీళ్లు తగ్గినప్పుడు బయటపడే చెరువు నేల) తుమ్మ చెట్లు మునుగుతాయి, ఆ ముళ్లు నీళ్లలో నల్లబడి కనిపించవు. చేప నోట్లోంచి గాలపు ముల్లు తీసేటప్పుడు తడి గోనెపట్టా పడవ అంచు మీద పరుచుకోండి. లంగరు తాడు పడవ ముక్కుకే కట్టాలి. పక్కన కడితే గాలికి పడవ అడ్డం తిరిగి నీళ్లు లోపలికి వస్తాయి. తాడు లోతుకి కనీసం మూడింతలు ఉండాలి. మృగశిర ముందు సాయంత్రాలు గాలిదుమారం ఎప్పుడు లేస్తుందో తెలియదు. ఉరుము వినిపిస్తే కార్బన్ గాలం బెత్తం కింద పెట్టి ఒడ్డుకి వచ్చేయాలి, అది కరెంటుని మోస్తుంది. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకోవడం కాదు, ఒంటికి కట్టుకోవాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఈ విషయంలో రాజీ లేదు.

ఎర్రవానపాము:
అది పెద్ద టూరిస్టు బోటు, గోదావరి వరద. చెరువుకీ దానికీ పోలికేంటండీ.

గౌతమి_ఒడ్డు:
మునిగే మనిషికి ఎనిమిది అడుగులైనా ఎనభై అడుగులైనా ఒకటే.

మత్తడికాడ:
ఆమె చెప్పింది నిజం. నేను మళ్లీ చెబుతున్నా, బ్రెయిడ్ చెరువులో వేయకండి. తెగిన ముక్క తామరల్లో ఏళ్ల తరబడి ఉంటుంది.

సాగర్‌తీరం:
నైలాన్ మాత్రం కుళ్లిపోతుందా? అదీ ఉంటుంది. ఇందాక రాళ్లన్నావు, ఇప్పుడు చెత్త అంటున్నావు. అన్నా, సూటిగా చెప్పు. నీ బాధ దారం గురించి కాదు. మేము చెరువులోకి దిగడమే నీకు ఇష్టం లేదు.

మత్తడికాడ:
అవును, ఇష్టం లేదు. అడిగావు కాబట్టి విను.

మా నాన్న చేపల సొసైటీలో సభ్యుడు. మూడేళ్ల కింద తెల్లవారుజామున వల గుంజుతుంటే తామరల్లో ఎవరో తెంపుకుని వదిలేసిన బ్రెయిడ్ వలతో పాటు వచ్చింది. అవతల కొసకి కప్ప, దానికి మూడు ముళ్లు, అవి వేర్లలో దిగి ఉన్నాయి. వల బరువు అటు, దారం ఇటు. చిటికెన వేలు ఎముక దాకా కోసుకుపోయింది. నైలాన్ అయితే సాగేది, చేతికి తెలిసేది. ఆ వేలు ఇప్పటికీ మడత పడదు. వల కుట్టడానికి ఇప్పుడు మా అమ్మ కూర్చుంటుంది.

సాగర్‌తీరం:
నాన్నగారికి అలా జరిగినందుకు బాధగా ఉంది. కానీ కప్పకి రెండు ముళ్లే ఉంటాయి, అదీ పైకి తిరిగి ఒంటికి ఆనుకుని. మూడు ముళ్లంటే అది వేరే ఎర.

మత్తడికాడ:
ముళ్లు లెక్కపెట్టావా!

చెరువులో పిల్ల వేసేది మేము, కాపలా కాసేది మేము. ఆదివారం కార్లలో వచ్చి పెద్ద చేపలు పట్టుకుని ఫొటో దిగేది మీరు.

సాగర్‌తీరం:
తెలంగాణ సర్కారు 2016 నుంచి చేపపిల్లలు ఉచితంగా ఇస్తోంది. అదీ బొచ్చె, రవ్వు లాంటివి. మా చుట్టుపక్కల చెరువుల్లో కొర్రమీను పిల్లని ఎవరూ వేయగా నేను చూడలేదు, అది దానంతటదే పుడుతుంది. ఇంకో మాట. రెండేళ్ల కింద ఒక చెరువు దగ్గర కట్ట మీదున్న మనిషికి మూడొందలు ఇచ్చి కూర్చున్నాను. రసీదు లేదు. మధ్యాహ్నం నలుగురు వచ్చి, ఎవడిచ్చాడు పర్మిషన్ అని నా బెత్తం గుంజుకున్నారు. మా అబ్బాయి ముందు. వాడు ఆ తర్వాత నాతో గాలానికి రాలేదు. మాకూ ఉంటాయి బాధలు.

మత్తడికాడ:
డబ్బు తీసుకున్నవాడిది తప్పు. పిల్లాడి ముందు అలా చేయడం ఇంకా తప్పు.

కానీ దానంతటదే పుట్టాలంటే తల్లి ఉండాలి కదా. కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీళ్ల మీదికి వచ్చి బుడబుడమంటాయి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. గాలం వేసేవాళ్లు ఆ గుంపునే వెతికి దాని మీద కప్ప వేస్తారు. తల్లి ఆకలికి కొట్టదు, పిల్లల కోసం కొడుతుంది. దాన్ని తీస్తే ఆ గుంపుని సాయంత్రానికల్లా పరకలు, నీటి పాములు ఖాళీ చేస్తాయి. నా కళ్లతో చూశాను.

సాగర్‌తీరం:
గుంపు మీద వేయడం నేను నాలుగేళ్ల కిందే మానేశాను. అందులో నీతో వాదం లేదు. బ్రెయిడ్ విషయంలో నా మాట మారదు. ఇరుక్కుంటే తెంపి వదిలేయకుండా, కొసని కర్రకి చుట్టి లాగి మొత్తం తెచ్చుకోవాలి. చేతికి మాత్రం చుట్టుకోవద్దు.

కొత్తగాలం:
ఆ గుంపుల్ని నేనూ చూశాను. కప్ప వేయడానికి మంచి చోటు అని ఒకాయన చూపించారు, పిల్లలని తెలియదు. పడవ ఇప్పుడు కొనను. మా చెరువు సొసైటీ అధ్యక్షుణ్ని ఆదివారం కలిసి అడుగుతాను. మత్తడికాడ అన్నా, ఏమని అడగాలి?

మత్తడికాడ:
పొద్దున ఏడు తర్వాత వెళ్లు, అప్పటికి వలలు తీసి ఉంటాయి. ఎన్ని చేపలు తీసుకెళ్తావో ముందే చెప్పు. డబ్బు ఇస్తే సొసైటీ రసీదు అడుగు.

వానలు పడి పిల్లలు పెద్దయ్యాక మా దగ్గరికి రా, పుట్టిలో (గుండ్రటి బుట్ట పడవ) తిప్పుతా. నేను ముందు మోకాళ్ల మీద కూర్చుని తెడ్డేస్తా, నువ్వు నాకు ఎదురు అంచున కూర్చోవాలి. కప్ప కూర్చునే వెయ్యాలి, నిలబడితే పుట్టి తిరుగుతుంది. లైఫ్ జాకెట్ నువ్వే తెచ్చుకో, మా దగ్గర లేవు.

గౌతమి_ఒడ్డు:
రెండు తీసుకెళ్లండి. ఒకటి ఆయనకి.